అంచుల్లో రాసిన తెలుగు

పుస్తకాలకి సమీక్షలు రాసేవాళ్ళు కొత్త పుస్తకం చేతికి రాగానే రాస్తారు. నేను రాయబోయేది 1985లో అచ్చయిన పుస్తకం గురించి. పైగా అది వ్యాకరణం! "ఈ పేజీల్లో వ్యాకరణం ఏమిటి తల్లీ" అని తిప్పెయ్యకండి. ఇందులో వంటిల్లుంది, అంట్లగిన్నెలున్నాయి, నేను చేసిన ఓ తప్పు కూడా ఉంది.

పుస్తకం పేరు 'ఎ గ్రామర్ ఆఫ్ మోడరన్ తెలుగు'. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. రాసినవారు ఇద్దరు, భద్రిరాజు కృష్ణమూర్తిగారూ, జె.పి.ఎల్. గ్విన్‌గారూ. గ్విన్ ఐ.సి.ఎస్. ఉద్యోగిగా వచ్చి తెలుగు నేర్చుకున్న ఐర్లండు వారు. 1991లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు కూడా తెచ్చారు. కృష్ణమూర్తిగారిది ఒంగోలు. అమెరికా వెళ్ళి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో పిహెచ్.డి. పట్టా పుచ్చుకున్నారు. దేనిమీదనుకున్నారు? తెలుగు ధాతువుల మీద! తెలుగు చదవడానికి అమెరికా వెళ్ళాలా అని మా అత్తగారుంటే బుగ్గలు నొక్కుకునేవారు.

ఇప్పుడు అటునుంచి ఇటు వస్తున్నారు. మేముండేది శేరిలింగంపల్లిలో. హైదరాబాద్ విశ్వవిద్యాలయం మాకు దగ్గరే. 1998 నుంచీ అక్కడ విదేశీ విద్యార్థులకోసం ప్రత్యేకంగా ఓ కార్యక్రమం నడుస్తోంది. ఒక సెమిస్టరో రెండు సెమిస్టర్లో ఉండి, కావలసినవాళ్ళు తెలుగూ హిందీ నేర్చుకుని వెళ్తారు. అలా అమెరికా నుంచి తెలుగు నేర్చుకోడానికి వచ్చిన ఒకమ్మాయి, 2020 జనవరి నుంచి వారానికి రెండు సాయంత్రాలు మా ఇంటికి వచ్చేది. మాట్లాడటం అలవాటు కావాలని, తెలిసినవాళ్ళు పంపించారు. నన్ను 'పిన్నిగారూ' అనమన్నాను. మా ఇంట్లో పనిచేసే ఆమెని, ఎవరూ చెప్పకుండానే, 'అక్కా' అనేది.

ఆ అమ్మాయి సంచిలో ఉండేది ఈ పుస్తకమే. మార్చిలో కరోనా వచ్చి, విద్యార్థులంతా హడావిడిగా ఇళ్ళకి పోవలసివచ్చినప్పుడు సామాను బరువెక్కువైందని నా దగ్గర వదిలి వెళ్ళింది. అలా నేను దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివాను. అచ్చులో ఉన్నదే కాదు, అంచుల్లో పెన్సిలుతో ఉన్నది కూడా.

ముందు అచ్చు సంగతి. మెచ్చుకోవలసిన పుస్తకమే. అరవయ్యేళ్ళుగా మాట్లాడుతున్నాను కానీ, 'వచ్చాడు'లో కాలమేదో, మనిషిని చూపే ముక్క ఏదో నేనెప్పుడైనా విడదీసి చూశానా? బడిలో నేర్చుకున్న సంధులూ సమాసాలూ పద్యాలకోసం పుట్టినవి. మనం నిజంగా మాట్లాడే వాక్యాన్ని పట్టుకుని, దాని కీలూ కీలూ చూపించిన పుస్తకాలు మనకెన్నున్నాయి? చింతపండు ఈనె తీసినట్టు తీసి చూపించారు. ఉదాహరణలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, కిందా పైనా చుక్కలూ గీతలతో ఉండటం మాత్రం నాకు గిట్టలేదు. తెలుగు లిపి రాని ప్రపంచంకోసం రాశారు కాబట్టి సరిపెట్టుకోవాలి. అయినా మన 'అమ్మ'ని ఆ వేషంలో చూస్తే, పెళ్ళికి గౌను తొడుక్కొచ్చిన పెద్దముత్తయిదువలా అనిపించింది.

నా అసలు పేచీ అక్కడ కాదు. ఈ పుస్తకం వర్ణించేది ఆధునిక ప్రామాణిక భాష. దానికి ఆధారం ముఖ్యంగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో చదువుకున్నవాళ్ళు మాట్లాడే తెలుగు. అంటే మా పుట్టింటి తెలుగన్నమాట. దాన్ని చేతపట్టుకుని ఆ అమ్మాయి దిగింది ఎక్కడ? శేరిలింగంపల్లిలో! ఆటోవాడు "యాడికి వోవాలె?" అన్నాడు. కూరగాయలామె "నువ్వు తీస్కో బిడ్డా" అంది. మా అక్క గుమ్మంలోనే "మంచిగున్నవా? బువ్వ దిన్నవా?" అని పలకరించింది. పుస్తకం చేతిలో ఉండగానే పిల్ల దారి తప్పింది.

ఇది కొత్త కథ కాదు. 1907 ప్రాంతంలో ఉత్తర జిల్లాల బడులు చూడటానికి వచ్చిన యేట్స్ అనే దొర తెలుగు నేర్చుకోబోయి, పుస్తకంలో ఒక తెలుగు, వీధిలో ఒక తెలుగు ఎందుకున్నాయని అడిగాడు. ఆ ప్రశ్న గిడుగు రామమూర్తిగారి దాకా వెళ్ళింది. వ్యావహారిక భాషోద్యమం అక్కణ్ణించి ఊపందుకుంది. పరాయివాడికి కనిపించింది మనకెందుకు కనిపించలేదంటే, మనం రెండు తెలుగుల మధ్య నడవడానికి పుట్టినప్పటినుంచీ అలవాటు పడ్డాం. వాకిట్లో ఒకటి, బళ్ళో ఒకటి. గిడుగువారు గెలిచాక వీధి తెలుగు పుస్తకంలోకి వచ్చింది. కానీ ఏ వీధి? అన్ని వీధులూ వచ్చాయా?

ఫిబ్రవరిలో ఓ సాయంత్రం నేను చెప్పులు వేసుకుంటూంటే ఆ అమ్మాయి ఎంతో సంతోషంగా, "యాడికి వోతున్నవ్ పిన్నీ?" అంది. నేను ఫక్కున నవ్వాను. నవ్వి ఊరుకున్నా పోయేది. "అలా అనకూడదమ్మా, అది పనివాళ్ళ మాట. 'మీరు ఎక్కడికి వెళ్తున్నారు' అనాలి" అన్నాను. వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఏమీ అనలేదు. లోపలికెళ్ళి గిన్నెలు తోముకుంది. ఆ తరవాత ఆ పిల్ల వచ్చిన రోజుల్లో అక్క తలూపడమే గానీ నోరు విప్పడం తగ్గించేసింది.

నెలన్నర కాకుండానే లాక్‌డౌన్ వచ్చింది. అక్కని మా అపార్ట్‌మెంట్ గేటు లోపలికి రానివ్వలేదు. పాఠాలు ఫోనులోకి మారాయి. ఆదివారం ఇక్కడ పొద్దున్న ఎనిమిదైతే అక్కడ శనివారం రాత్రి తొమ్మిదిన్నర. నేనూ పుస్తకమూ, అవతల ఆ పిల్లా. ఎన్ని వారాలు తంటాలు పడ్డామో! "ఎలా ఉన్నారు?" "బాగున్నాను." తరవాత ఏముంది? ఇల్లు లేనిచోట ఇంటి భాష ఎలా పుడుతుంది? ఓ వారం ఆ పిల్లే అడిగింది: "నేను వచ్చేటప్పుడు అక్క 'పైలం బిడ్డా' అంది. పైలం అంటే ఏమిటి పిన్నిగారూ?"

జాగ్రత్త అని చెప్పాను. చెప్పానే గానీ, చాలలేదని నాకే తెలిసింది. 'జాగ్రత్త' అని నేను గ్యాస్ కట్టెయ్యమన్నప్పుడు కూడా అంటాను. 'పైలం' అని అక్క అన్నప్పుడు, ఆ మాటతోపాటు వెన్నుమీద ఓ చెయ్యి కూడా ఉంటుంది.

అప్పుడు పుస్తకం అంచులు చూశాను. క్రియారూపాల పేజీల పక్కన పెన్సిలుతో, వచ్చీరాని తెలుగు అక్షరాల్లో, అక్క మాటలు! వోతున్నవ్, తిన్నవా, ఇయ్యాల, గట్ల. ఒక్కొక్కదాని ఎదుట అచ్చులో ఉన్న రూపం. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల రెండు తెలుగుల్నీ పక్కపక్కన పెట్టుకుంటోంది. 'వోతున్నవ్' మీద మాత్రం అడ్డగీత ఉంది. పక్కన 'పిన్నిగారు: తప్పు' అని ఉంది.

ఇంతవరకూ నేను చేసిన విమర్శల్లో అంత చెడ్డ విమర్శ ఇంకోటి లేదు. తప్పేమిటి అందులో? గౌరవం నా తెలుగులో క్రియ చివర 'రు'లో ఉంటుంది. అక్క తెలుగులో అది గొంతులో ఉంటుంది, 'బిడ్డా' అనే పిలుపులో ఉంటుంది. 'నువ్వు' అని పిలిచినంత మాత్రాన పెద్దరికం తగ్గిపోదు. క్రియల తోకలు చూసి మర్యాద కొలిచేవాళ్ళకి అక్క మోటుమనిషిలా కనిపిస్తుంది. ఆ కొలబద్ద పుస్తకంది కాదు, నాది. వ్యాకరణకర్త ఒక భాషని ఎంచుకుని వర్ణిస్తాడు, మిగిలినవి తప్పని అనడు. ఆ మాట అనేది నాలాంటి పంతులమ్మలే.

కృష్ణమూర్తిగారికి న్యాయం చెయ్యాలంటే ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ వ్యాకరణానికి ఎంతో ముందే, 1962లో, ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వచ్చింది. అది వ్యవసాయానికి సంబంధించినది. ఏ జిల్లాలో నాగలి భాగాన్ని ఏమంటారో రైతుల్నడిగి సేకరించారు. 1971లో చేనేత సంపుటం వచ్చింది. ప్రామాణిక భాషకి వ్యాకరణం రాసిన చెయ్యే పల్లెపల్లె మాటల్నీ ఏరింది. లోపం ఎక్కడంటే, రెండో పుస్తకం విద్యార్థి సంచిలోకి రాలేదు. ఆయన ఉపకులపతిగా 1986 నుంచి 1993 దాకా పనిచేసిన విశ్వవిద్యాలయం కూడా ఆంధ్రా తెలంగాణా తగవులు తీర్చడానికి 1973లో చేసిన ఆరుసూత్రాల పథకంలోంచి పుట్టిందే. ఇవాళ మనకి భాషా దినోత్సవాలు కూడా రెండు. గిడుగువారి పుట్టినరోజు ఆగస్టు 29, కాళోజీగారిది సెప్టెంబరు 9. మధ్య పదకొండు రోజులే. ఆ పదకొండు రోజుల దూరం దాటడానికి పాఠ్యపుస్తకాలు ఇంకా వెనకాడుతున్నాయి.

కాబట్టి నా సలహా ఇది. పరాయివాళ్ళకి తెలుగు నేర్పే పుస్తకం ఎవరు రాసినా, ప్రామాణిక రూపం ఇవ్వండి, కాదనను. దాని పక్కన ఓ గడి గీసి, పాలమూరులో ఏమంటారో, శ్రీకాకుళంలో ఏమంటారో కూడా ఇవ్వండి. 'తప్పు' అనే మాట ఆచితూచి వాడండి.

జూన్‌లో గేట్లు తెరిచాక అక్క వచ్చింది. ఆ ఆదివారం ఫోను ఆవిడ చేతికిచ్చి నేను పక్కన కూర్చున్నాను. మొదట సిగ్గుపడింది. "నా మాట ఆ బిడ్డకు పనికొస్తదా అమ్మా?" అంది. నాకు వెంటనే జవాబు రాలేదు. ఆవిడ క్షమించమని అడగడానికి తగిన వాక్యం నా తెలుగులోనూ దొరకలేదు. "నాకంటే నీదే పనికొస్తుంది" అన్నాను. అరగంట మాట్లాడుకున్నారు. ముగించేటప్పుడు ఆ పిల్ల, "వెళ్తున్నాను అక్కా" అంది. అక్క ఉలిక్కిపడి, "గట్లనద్దు బిడ్డా, పోయొస్త అనాలె" అంది. మా తెనాలిలో మా అమ్మ కూడా ఇలాగే కసిరేది. కాకపోతే 'వెళ్ళొస్తాను' అనమనేది. తోకలు వేరు, ప్రాణం ఒకటే.

అమెరికాలో ఉన్న మా మనవరాలు ఈమధ్య తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆ విద్యార్థిని అడిగి, ఈ పుస్తకం దానికి పంపుతున్నాను. అంచులు చెరపలేదు. 'తప్పు' అని ఉన్నచోట మాత్రం నేనే పెన్సిలు పట్టుకుని ఆ మాట కొట్టేసి, 'పిన్నిగారిది తప్పు' అని రాశాను.