సీడెడ్ నుంచి సీమకు

సినిమా రిలీజైన మర్నాడు కలెక్షన్ల లెక్కల్లో ‘నైజాం, సీడెడ్’ అని చదువుతాం. 1800లో నిజాం, కంపెనీ సైన్యం ఖర్చుల కింద అప్పగించేసిన జిల్లాలు కాబట్టి సీడెడ్. తెలుగులో దత్తమండలాలు. మాటలోనే ఎవరో ఎవరికో ఇచ్చేసిన వాసన.

ఇంగ్లీషు చదువులొచ్చాయి, జాతీయత మేలుకుంది అని మన సాహిత్య చరిత్రలు చెప్పే కథ నాకు సగమే అనిపిస్తుంది. 1893లో గుంతకల్లులో ఇద్దరు ఆడవాళ్లను తెల్ల సోల్జర్ల నుంచి కాపాడబోయి రైల్వే గేటుమనిషి హంపన్న తుపాకీ గుండుకు బలైపోయాడు. నిందితుడు మద్రాసు హైకోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ అన్యాయాన్ని లోకానికి చాటింది గుత్తి వకీలు కేశవ పిళ్ళై. 1885 బొంబాయి కాంగ్రెస్‌కు వెళ్లొచ్చినాయన, ‘హిందూ’కు వార్తలు రాసినాయన. ఇంగ్లీషు ఆయనకు పనికొచ్చింది, నిజమే. కానీ తిరగబడటం హంపన్నకు ఏ బడీ నేర్పలేదు.

1928 నవంబరులో నంద్యాల సభలో దత్తమండలాలకు ‘రాయలసీమ’ అని పేరు సూచించింది చిలుకూరి నారాయణరావు. తర్వాత ‘ఆంధ్రభాషా చరిత్రము’ రాసిన పండితుడు. తమాషా ఏంటంటే, అనంతపురంలో ఆయన పాఠాలు చెప్పిన సర్కారు కాలేజీ పేరే సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ! 1916లో పెట్టారు. దొరలు పెట్టిన పేరున్న కాలేజీలో జీతం తీసుకుంటూనే ఆ పేరును తీసేయమన్నాడు. పాశ్చాత్య విద్య మీద ఇంతకన్నా మంచి విమర్శ నేను చదవలేదు.

అయినా ఆ పేరుతో నాకు చిన్న పేచీ ఉంది. అనంతపురం నుంచి చెరువు దాటితే బుక్కరాయసముద్రం. జనం నోట్లో బీకే సముద్రం. రాజు పేరు, చెరువును సముద్రం చేసుకున్న ఆశ, రెండూ ఆ ఊరి పేరులో ఉన్నాయి. ‘రాయలసీమ’లోకి రాయలు వచ్చారు, సముద్రం రాలేదు. 1876 నాటి ధాత కరువును చూసిన నేల ఇది. సభల్లో నీళ్ల మాట ఎత్తలేదని కాదు. ‘దత్త’ అనే అవమానాన్ని కడుక్కోవాలంటే చదువుకున్నవాళ్లకు ముందు గుర్తొచ్చింది హంపి వైభవమే అంటున్నా.

ఆ వదిలేసిన సగాన్ని పట్టుకున్నది తరిమెలలో పుట్టి, సంస్కృతం తెలుగు చదివి విద్వాన్ అయిన విశ్వం. ‘పెన్నేటి పాట’లో రంగన్న, గంగమ్మల ఆకలి దగ్గరికొచ్చేసరికి ఈ సీమలో రాయల పక్కన ఎండిన పెన్న కూడా కనిపిస్తుంది.