అవధి యడుగు ప్రశ్న

ఇంటర్మీడియటు గణితములో అవధులు, అవిచ్ఛిన్నత అను అధ్యాయము వచ్చునప్పటికి, మంచి మార్కులు తెచ్చుకొను విద్యార్థులు సైతము, విలువను ప్రతిక్షేపించి జవాబు రాబట్టుటయే అవధియని నమ్మి సాగిపోవుట నేను బోధించిన తరగతులన్నిటను చూచితిని. ఆ నమ్మకమును ఆదిలోనే కదలింపనిచో, పిమ్మట వచ్చు అవకలనమంతయు వారికి యాంత్రికక్రియగానే మిగులును.

ఉదాహరణకు, ఒక సంఖ్యయొక్క వర్గమునుండి 4 తీసివేసి, శేషమును ఆ సంఖ్యకంటె 2 తక్కువైన రాశిచే భాగింతుము. సంఖ్య 2 అయినపుడు లవహారములు రెండును శూన్యములై, ప్రమేయమునకు అక్కడ విలువయే లేకపోవును. అయినను 1.9 వద్ద 3.9, 1.99 వద్ద 3.99, ఆవలివైపున 2.01 వద్ద 4.01 వచ్చుచు, ఇరువైపులనుండియు ఫలితము 4నే సమీపించును. ఆ బిందువున ఏమున్నదని అవధి యడుగదు. దాని సామీప్యమున ఏమి జరుగుచున్నదని మాత్రమే యడుగును. 2 వద్ద విలువ 4 అని మనమే నిర్వచించితిమా, ప్రమేయము అవిచ్ఛిన్నమగును. 5 అని నిర్వచించితిమా, విచ్ఛిన్నమగును గాని అవధి మాత్రము 4గానే నిలుచును. పై విలువల పట్టికను విద్యార్థి స్వహస్తముతో వేసికొనవలెను. గురువు నల్లబల్లపై వేసి చూపినది సగము పనియే చేయును.

ఈ చిక్కు విద్యార్థులది మాత్రమే కాదు. న్యూటను, లైబ్నిట్జులు నిర్మించిన కలనగణితమును 1734లో బర్క్లీ యను మతాచార్యుడు ఆక్షేపించుచు, ఒక రాశిని శూన్యము కాదని యెంచి భాగించి, పిదప అదే రాశిని శూన్యమని విడిచిపుచ్చుట ఏమి తర్కమని నిలదీసెను. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. దానికి నిలుకడగల సమాధానము 1821 నాటి కోషీ గ్రంథముతో రూపుదిద్దుకొని, వయిర్‌స్ట్రాసు చేతిలో ఎప్సిలాన్-డెల్టా నిర్వచనముగా స్థిరపడినది. అంతకాలము మహామేధావులను చిక్కుపరచిన విషయము పదహారేండ్ల బాలునకు ఒక్క పీరియడులో బోధపడవలెననుట అన్యాయము.

ఆ ఎప్సిలాన్-డెల్టా నిర్వచనము నిజమునకు ఇరువురి సంవాదము; ఒకని కోరిక ఎప్సిలాన్, రెండవవాని బదులు డెల్టా. సంఖ్య 3ను సమీపించునపుడు దాని వర్గము 9ని సమీపించునందుము. ఫలితము 9నుండి 0.07 మించి తొలగరాదని ఒకడు కోరును. సంఖ్యను 3నుండి 0.01 మించి తొలగనీయకుమని రెండవవాడు బదులిచ్చును. 3.01 వర్గము 9.0601, 2.99 వర్గము 8.9401, కోరిక చెల్లినది. కోరిక ముందు, బదులు తరువాత; ఈ క్రమము తారుమారైనచో అర్థమే చెడును. ఎంత సూక్ష్మమైన కోరికకైనను బదులు దొరకినపుడే అవధి సిద్ధించును.

గణితోపాధ్యాయులకు నా విన్నపమొక్కటే: అవకలనముతో అవధులను రాబట్టు లోపిటాల్ సూత్రమును చేతికిచ్చుటకు ముందు, ఈ పట్టికకును ఈ సంవాదమునకును ఒక వారము కేటాయింపుడు.