పదమూడేళ్ళ పిల్ల చేతికి ఏ పుస్తకం?

తెలుగు సాహిత్యంలో అల్లరి చేసే హక్కు మగపిల్లలదే. పిల్లల పుస్తకాలు చెప్పమంటే మన నోటికి ముందుగా వచ్చే పేర్లు చూడండి. ముళ్ళపూడి వెంకటరమణ బుడుగు, నామిని మిట్టూరోడు, ఖదీర్‌బాబు దర్గామిట్ట కుర్రాడు. వీళ్ళందరూ నాకిష్టమే. పైగా నామిని, ఖదీర్‌బాబు బుడుగు ఇంటి గడప దాటి, చిత్తూరు రైతుపల్లెనీ నెల్లూరు జిల్లా ముస్లిం ఇళ్ళనీ బాల్యంలోకి తీసుకొచ్చారు. అది చిన్న విషయం కాదు. అయినా ఒక ప్రశ్న నన్ను వదలదు. సీగానపెసూనాంబ తన కథ తనే చెప్పుకుంటే ఎలా వుండేది? ఆమె ఏమనుకుందో మనకు తెలిసే దారి లేదు. బుడుగు చెప్పినంతే మనకు తెలుసు.

ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివే ఆడపిల్లకు మన భాషలో ప్రత్యేకంగా ఒక అర లేదు. మా తరం 'చందమామ' నుంచి ఒక్క గెంతులో యద్దనపూడి 'సెక్రటరీ'లోకి దూకింది. పదకొండేళ్ళప్పుడు రాకుమారుడు గుర్రం మీద వచ్చేవాడు, పధ్నాలుగేళ్ళకి రాజశేఖరం కారులో వచ్చాడు. వాహనం మారిందే తప్ప ఎదురుచూపు మారలేదు. ఆ నవలలు మనల్ని చదువరుల్ని చేశాయి, కాదనను. జయంతి ఉద్యోగం చేసుకుని బతికే పిల్ల అన్న సంగతీ మరవను. కానీ ఆ రెంటి మధ్య వుండే నాలుగైదేళ్ళలో మన శరీరాలు మారాయి, స్నేహాలు మారాయి, ఇంట్లో మన మీద కాపలా పెరిగింది. వాటి గురించి ఒక్క పుస్తకమూ మాతో మాట్లాడలేదు. ఇప్పుడు చందమామ కూడా ఆగిపోయి పదేళ్ళు దాటింది. డబ్బున్న ఇళ్ళ పిల్లలు ఇంగ్లీషు పుస్తకాల్లోకి వెళ్ళిపోయారు. తెలుగులో మాత్రమే చదవగలిగే పిల్లల మాటేమిటి?

నేను కొన్నేళ్ళుగా ఒక ప్రభుత్వ ఆడపిల్లల హాస్టలుకి పుస్తకాలు ఎంచి పంపుతున్నాను. చాలామంది పిల్లలు తమ ఇళ్ళల్లో చదువుకుంటున్న మొదటి తరం. అక్కడి బీరువాలో నీతికథలు, జాతినాయకుల జీవితచరిత్రలు, పరిశుభ్రత మీద చిన్న పుస్తకాలు వుండేవి. ఆడపిల్ల మంచిగా వుండాలి, శుభ్రంగా వుండాలి, గొప్ప మగవాళ్ళ గురించి తెలుసుకోవాలి అని ఆ బీరువా చెప్పేది. నేను పంపిన వాటిలో ఒకటి ఐత్‌మాతోవ్ 'తొలి ఉపాధ్యాయుడు'. సోవియట్ ప్రచురణల రోజుల నుంచీ తెలుగువాళ్ళు ప్రేమించిన పుస్తకమది. దాన్ని ఒక టీచరు తిరిగి నా చేతికిచ్చి, "ఇది ఆడపిల్లలకు ఇచ్చేది కాదు మేడమ్" అన్నారు. ఆవిడ దురుద్దేశంతో అన్నమాట కాదది. పిల్లల మీద నిజమైన బెంగతోనే అన్నారు. అందుకే ఆ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

అల్తినాయ్ కిర్గిజ్ పల్లెలో అనాథ. తనకే సరిగా చదువురాని దూయ్‌షేన్ ఊరికి బడి తెస్తాడు. పదిహేనేళ్ళ ప్రాయంలో పిన్ని ఆమెను అమ్మేస్తుంది. కొనుక్కున్నవాడికి అప్పటికే భార్య వుంది. గుడారంలో ఆమె మీద జరిగిన అత్యాచారాన్ని రచయిత దాచడు, చూపి సొమ్ము చేసుకోడు కూడా. మాస్టారు మిలీషియాను వెంటబెట్టుకొచ్చి విడిపించి, ఆమెను చదువుకు పట్నం పంపిస్తాడు. అకడమీషియన్‌గా ఎదిగిన అల్తినాయ్ స్వయంగా ఉత్తరంలో రాసిన కథ ఇది. టీచరుగారి అభ్యంతరమంతా ఆ గుడారం దగ్గరే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20-24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకుండా పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఆ హాస్టల్లో సెలవులకు వెళ్ళి తిరిగిరాని పిల్లలున్నారు. వాళ్ళ పక్క మంచం పిల్లకు ఆ సంగతి తెలుసు. తెలిసిన విషయాన్ని పుస్తకంలో చదవకూడదనడం వల్ల రక్షణ ఎవరికి? పిల్లకు కాదు. ఆ మాట ఎత్తితే జవాబు చెప్పాల్సివచ్చే పెద్దలకు.

అలాగని ఈ పుస్తకాన్ని ప్రశ్నించకుండా ఇవ్వలేను. విడిపించి తీసుకొస్తూ దూయ్‌షేన్ ఏటి దగ్గర ఆగుతాడు. సబ్బు ఇచ్చి స్నానం చెయ్యమంటాడు, జరిగింది మరచిపొమ్మంటాడు. చిన్నప్పుడు ఆ ఘట్టం నాకు ఎంతో కరుణగా తోచింది. కరుణే. కానీ అందులో మలినం అంటిందనీ, నీళ్ళతో పోతుందనీ అనే భావమూ వుంది. జరిగింది ఆమె మీద నేరమైనప్పుడు కడుక్కోవాల్సింది ఎవరు? ఈ ప్రశ్న పిల్లల ముందు పెట్టకుండా ఆ పుస్తకం ఇస్తే సగమే ఇచ్చినట్టు. పుస్తకం ఎంచడమంటే చేతికిచ్చి వెళ్ళిపోవడం కాదు, తర్వాత వాళ్ళ పక్కన కూర్చోవడం కూడా.

పెద్దల కత్తెర మన దగ్గరే లేదు. అన్నే ఫ్రాంక్ పదమూడో ఏట నుంచి పదిహేనో ఏట దాకా డైరీ రాసింది. 1947లో తొలిసారి అచ్చయినప్పుడు ఆ పిల్ల తన శరీరం గురించీ, తల్లి మీద కోపం గురించీ రాసుకున్న కొన్ని భాగాలు పక్కకు పోయాయి. దశాబ్దాల తర్వాత గానీ అవి పుస్తకంలోకి తిరిగి రాలేదు. యుద్ధం గురించి ఆడపిల్ల రాస్తే లోకం వింటుంది. తన ఒంటి గురించి రాస్తే మాత్రం ఎవరో ఒకరు ఆ పేజీ మడిచేస్తారు.

మనవైపు చూస్తే, అన్వేషి చొరవతో 2008లో వచ్చిన పిల్లల కథల వరుసలో గోగు శ్యామల రాసిన తాటకి కథ నాకు ముఖ్యం. బాలమణి పదకొండేళ్ళ దళిత పిల్ల. తెల్లవారకముందే పొలానికి నీళ్ళు పెట్టడానికి వెళుతుంది. దాడి చేయబోయిన దొరను ఎదిరించి బయటపడుతుంది. రాముడి చేతిలో చచ్చిపోయిన తాటకి పేరు ఇక్కడ గెలుపు పేరయింది. అల్తినాయ్‌కి విడిపించే మాస్టారు కావలసివచ్చాడు. బాలమణికి తన చేతులే దిక్కు. రెండు కథలూ పక్కపక్కన చదివితే పిల్లలే ఆ తేడా పట్టుకుంటారు. పెద్ద తరగతుల వాళ్ళకైతే కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' (2012) ఇస్తాను. చిన్నతనంలోనే పెళ్ళయి వితంతువైన ఆమె, ఆ తర్వాత ఉద్యమాల్లో బతికి, ఒంటరై, మళ్ళీ చదువుకుని కాకినాడలో ఆడపిల్లల హాస్టలు మేట్రన్‌గా పనిచేసింది. హాస్టలు పిల్లలకు ఆ బతుకు అర్థమయినంతగా మనకు అర్థమవుతుందా అని నాకు అనుమానం.

అయితే స్త్రీవాదులమైన మనం కూడా ఒక వలలో పడుతున్నాం. ఆడపిల్లలకని వెతికేసరికి మన చేతికి బాధ పుస్తకాలే వస్తాయి. బాల్యవివాహం, వివక్ష, హింస. మగపిల్లవాడికి నవ్వు, ఆడపిల్లకు చైతన్యం! ఈ పంపకం ఎవరు చేశారు? నాకిక్కడ 'రైలుబడి' గుర్తుకొస్తుంది. ఒకటో తరగతిలోనే బడి నుంచి తీసేయించుకున్న తొత్తోచాన్, పర్సు పడిపోయిందని మరుగుదొడ్డి గుంటలోదంతా తోడిపోస్తుంది. హెడ్మాస్టరు తిట్టడు, అయిపోయాక అంతా మళ్ళీ లోపల వేసెయ్యమంటాడంతే. ఆ పిల్లే పెద్దయి తన అల్లరి తనే రాసుకుంది. మన సీగానపెసూనాంబకు దక్కనిది ఇదే.

అందుకని ఇప్పుడు పుస్తకం ఎంచేటప్పుడు ఇందులో ఆడపిల్ల వుందా అని అడిగి ఊరుకోను. ఆమె ఏదైనా చేస్తుందా, లేక ఆమెకు అన్నీ జరుగుతాయా? కోపం తెచ్చుకున్నందుకు కథ ఆమెను శిక్షిస్తుందా? ఆమె కులం, ఆమె ఇంటి వంట, ఆమె మాట్లాడే తెలుగు సిగ్గుపడకుండా అందులో వున్నాయా? కనీసం ఒక్కసారైనా ఆమె పగలబడి నవ్విందా?

చివరి ప్రశ్నకు అవునని చెప్పే తెలుగు పుస్తకాలు నా బీరువాలో ఒక వరస కూడా నిండలేదు. ఎంచడానికి ముందు పుస్తకాలు వుండాలి. మనం తల్లుల దుఃఖం రాశాం, భార్యల కోపం రాశాం. దొంగతనంగా చింతకాయలు కొట్టుకొచ్చి, దెబ్బలు తిని, మర్నాడు మళ్ళీ చెట్టెక్కిన పిల్ల మనలో చాలామందిలో వుంది. ఆమెను రాయాల్సింది మనమే.