వడ్రంగం నేర్చుకునే క్రమం: గుమ్మం నుంచి కొట్టు అలమర దాకా

కోనసీమలో వడ్రంగి చేతికి రెండు రకాల పని వస్తుంది. ఒకటి ఇంటి పని: గుమ్మాలు, తలుపులు, కిటికీలు, మంచాలు, పూజామందిరాలు. రెండోది కొట్టు పని: కిరాణా కొట్టు అరలు, మందుల షాపు ర్యాకులు, బట్టల షాపు కౌంటర్లు, మిఠాయి దుకాణం అద్దాల బీరువాలు. ద్రాక్షారామమే తీసుకుంటే, అది భీమేశ్వరస్వామి వెలసిన పంచారామ క్షేత్రం. కార్తీకమాసంలో, శివరాత్రికి యాత్రికులు తండోపతండాలుగా వచ్చే ఊరు. గుడి ఉన్న చోట కొట్లుంటాయి, కొట్లున్న చోట వడ్రంగికి పని ఉంటుంది. ఇంటి పనికి టేకు, వేప వంటి కర్ర వాడితే, కొట్టు పనంతా ఇప్పుడు ప్లైవుడ్ మీదే నడుస్తోంది. పని నేర్చుకునే కుర్రాడికి ఇవాళ రెండూ రావాలి. అయితే కర్ర పని ముందు, ప్లైవుడ్ పని తర్వాత. ఈ వరస తారుమారు చేసుకున్నవాళ్ళు తొందరగా సంపాదనలో పడతారేమో గాని, నాలుగు కాలాలు నిలిచే పని చేయడం వాళ్ళకు కష్టం.

కుర్రాణ్ణి మేస్త్రికి అప్పగించే తీరు పెద్దగా మారలేదు. తెలిసిన పెద్దమనిషి ఒక మాట చెబుతాడు. మంచిరోజు చూసి తల్లిదండ్రులు తాంబూలం పెట్టి దణ్ణం పెట్టిస్తారు. కాగితం మీద రాసుకునేది ఏమీ ఉండదు. ఒకప్పుడు ఈ విద్య విశ్వబ్రాహ్మణ కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. పంచవృత్తుల వాళ్ళు తమ మూలపురుషులుగా చెప్పుకునే అయిదుగురిలో మయుడు కర్రపనికి ఆద్యుడు. ఇప్పుడు అన్ని కులాల పిల్లలూ ఈ పనిలోకి వస్తున్నారు, రావాలి కూడా. మొదటి నెలల్లో కుర్రాడి పని రంపపు పొట్టు ఊడ్చడం, పలక రెండో చివర పట్టుకోవడం, అడిగిన పనిముట్టు అందించడం. ఇది వెట్టిచాకిరీలా కనిపిస్తుంది. కొన్ని చోట్ల నిజంగానే అలా మిగిలిపోతుంది, అది మేస్త్రి తప్పు. మంచి మేస్త్రి దగ్గర మాత్రం పలక చివర పట్టుకున్న కుర్రాడికి, ఒక కన్ను మూసి అంచు వెంట చూసి వంపు పట్టడం ఆ నెలల్లోనే వస్తుంది.

చేతికి వచ్చే మొదటి అసలు పని సాన పట్టడం. ఉలి అంచు పాతిక నుంచి ముప్పై డిగ్రీల వాలులో ఉండాలి. వాలు తక్కువైతే అంచు విరుగుతుంది, ఎక్కువైతే కర్రలోకి దిగదు. సానరాయి మీద నీళ్ళో నూనో వేసి, మణికట్టు కదలకుండా, రాయి అంతటా సమంగా రుద్దాలి. ఒక్కచోటే రుద్దితే రాయి గుంట పడుతుంది, ఆ గుంట ఉలి అంచుకు ఎక్కుతుంది. ఉలి వెనక వైపు అద్దంలా చదునుగా లేకపోతే ముందు వైపు ఎంత పదును పెట్టినా దండగ. రంపానికైతే మూడు పలకల ఆకురాయితో ఒక్కో పన్నూ రుద్ది, పళ్ళను ఒకటి ఇటు, ఒకటి అటు కొద్దిగా వంచాలి. అలా వంచితే కోత రంపం మందం కంటే వెడల్పుగా పడుతుంది, రంపం ఇరుక్కోదు. మొద్దు ఉలి వాడేవాడు బలం వేస్తాడు. బలం వేసినప్పుడే ఉలి జారి అవతలి చెయ్యి తెగుతుంది.

ఆ తర్వాత కర్రను గుర్తుపట్టడం. మాను నడుమ ఉండే ముదురు రంగు భాగం చేవ, దాని చుట్టూ ఉండేది తెల్లచెక్క. చెద, పురుగు ముందు పట్టేది తెల్లచెక్కనే. టేకు దుంగ కొనేటప్పుడు ఎన్ని ఘనపుటడుగులన్న లెక్కతో పాటు అందులో చేవ ఎంతన్నది చూడకపోతే డబ్బు పోసి కొన్నది పొట్టు కింద పోతుంది. పూర్వం గోదావరి మీద తెప్పలు కట్టి ఏజెన్సీ అడవుల టేకు, వెదురు రాజమహేంద్రవరానికి దింపేవారు. నీళ్ళలో నానిన దుంగలో పస కొంత కరిగిపోయి, ఆరాక పురుగు తక్కువ పడుతుందని పాతవాళ్ళు ఊరి చెరువులో కూడా మాన్లు నానబెట్టేవారు. కోసిన పలకలను నీడలో, మధ్యలో బద్దలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి ఆరబెట్టాలి. అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుందని లెక్క. అంత ఓపిక ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఉండదు. పచ్చికర్ర గుమ్మాలు ఎండాకాలం రాగానే నెర్రెలిచ్చేది ఆ తొందర వల్లనే.

డెల్టాలో వడ్రంగికి అందరికంటే ఎక్కువ తెలియాల్సింది తేమ సంగతి. కాలవలు, చెరువులు, కొబ్బరితోటలు, పక్కనే సముద్రం. వానాకాలంలో కర్ర ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. పొడవులో ఈ మార్పు కంటికి ఆనదు. వెడల్పులోనే కనిపిస్తుంది. టేకులో వలయాలకు అడ్డంగా వచ్చే మార్పు కంటే వలయాల వెంట వచ్చేది దాదాపు రెట్టింపు. అందుకే దుంగను ఎటు నుంచి కోశారో చూసి పలక ఎంచుకుంటారు. తలుపు కట్టడంలో ఈ జ్ఞానమంతా ఇమిడి ఉంది. తలుపు చట్రాన్ని గట్టిగా బిగిస్తారు. మధ్య పలకలను మాత్రం గాడిలో వదులుగా, బంక పెట్టకుండా నిలుపుతారు. పలక ఉబ్బినా కుంచించుకున్నా గాడిలోనే కదులుతుంది, చట్రం చెదరదు. ఆ పలకను మేకులతో, బంకతో బిగించేసిన తలుపు రెండు వానాకాలాలు తిరిగేసరికి మధ్యలో చీలుతుంది.

గుమ్మం కట్టడంలో అతుకే అసలు పరీక్ష. నిలువు కమ్మీకి బెజ్జం, అడ్డ కమ్మీ చివర ఆ బెజ్జంలో దిగే కుసి. కుసి మందం కమ్మీ మందంలో సుమారు మూడో వంతు ఉండాలి. కుసి లావైతే బెజ్జం గోడలు పలచబడి పగులుతాయి, సన్నమైతే కుసే విరుగుతుంది. గీత పెన్సిలుతో కాకుండా ఉలి కొనతోనో కత్తితోనో గీస్తారు. పెన్సిలు గీతకు మందం ఉంటుంది, కత్తి గీతకు ఉండదు. పైగా ఉలి వచ్చి ఆ గాటులోనే ఆగుతుంది. బెజ్జాన్ని ఒకవైపు నుంచి సగం, రెండోవైపు నుంచి సగం తొలుస్తారు. ఒకే వైపు నుంచి పొడిస్తే అవతలి ముఖం పెచ్చు లేస్తుంది. ఇక చెక్క సీల. కమ్మీకి ముందుగా రంధ్రం వేసి, కుసి దింపి గుర్తు పెట్టి, బయటికి తీస్తారు. కుసి మీద రంధ్రాన్ని ఆ గుర్తు మీదే వేయకుండా, అర నూలు కుసి మొదలయ్యే భుజం వైపు జరిపి వేస్తారు. అంగుళంలో ఎనిమిదో వంతు నూలు. కొన సన్నగా చెక్కిన సీలను కొట్టినకొద్దీ అది వంగుతూ వెళ్ళి కుసిని లోపలికి లాగుతుంది. బంక చుక్క లేకుండా అతుకు బిగుస్తుంది. మండువా లోగిళ్ళ స్తంభాలూ దూలాలూ తరాల తరబడి నిలిచింది ఇలాంటి అతుకుల మీదనే.

ఈ గుమ్మం ఎత్తే రోజు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడి తోరణం కట్టి, వడ్రంగికి కొత్త బట్టలు పెడతారు. కుర్రాడికి కూడా ఒక తువ్వాలో పంచో అందుతుంది. తన పనికి ఊరు ఇచ్చే మర్యాద అతను మొదట చూసేది అక్కడే.

పెద్ద కర్ర అతుకుల విద్య పాతబడిపోలేదు. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయింది. దాదాపు 40 అడుగుల ఎత్తున టేకుతో కొత్త రథం తయారై 2021 ఫిబ్రవరికి సిద్ధమైంది. దూలం బరువు తెలిసి, అతుకు పట్టు తెలిసిన చేతులు లేకపోతే ఆ గడువులో అది సాధ్యమయ్యేది కాదు.

కొట్టు పనికి వస్తే మొదటి మెట్టు కొలత. ఏ కొట్టు గోడా నిటారుగా ఉండదు, ఏ నేలా సమంగా ఉండదు. నీళ్ళ ట్యూబుతో మట్టం చూసి, మూల నుంచి మూలకు ఐమూలగా కొలిచి, ఎక్కడ ఎంత తేడా ఉందో ముందే రాసుకోవాలి. నిలబడి అమ్మే కౌంటరు మూడడుగుల ఎత్తు ఉంటే నడుం లాగదు. మందుల అట్టపెట్టెలకు ఏడెనిమిది అంగుళాల లోతు చాలు. మడత పెట్టిన చీరలకు పద్నాలుగు, పదహారు అంగుళాలు కావాలి. లోతు ఎక్కువైతే వెనక పెట్టిన సరుకు కంటికి కనపడక అక్కడే ఉండిపోతుంది. కనుక యజమాని ఏం అమ్ముతాడో, ఏది రోజూ తీస్తాడో అడిగి తెలుసుకోవడం కూడా వడ్రంగి పనిలో భాగమే.

అర వంగడం గురించి లెక్క తెలిసినవాళ్ళు తక్కువ. అడుగుకు పడే బరువు అంతే ఉండి, ఆనికకూ ఆనికకూ మధ్య దూరం రెండింతలైతే అర వంపు రెండింతలు కాదు, పదహారింతలు అవుతుంది. బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు పెట్టే అరకు మధ్యలో ఒక్క నిలువు పలక అదనంగా వేస్తే అర ఏళ్ళ తరబడి వంగకుండా ఉంటుంది. దాన్ని మిగుల్చుదామని చూస్తే ఏడాదికే అర ఊయలలా దిగుతుంది. ప్లైవుడ్‌లోనూ ముఖం మీది ఈనె, అంటే కర్ర నార, అర పొడవు వెంట ఉండేలా కోయాలి. అడ్డంగా కోసిన ముక్క అంత బరువు ఆపదు. కర్ర పని నేర్చిన కుర్రాడికి ఇది చెప్పక్కర్లేదు, చెయ్యి దానంతట అదే ఈనె వైపు తిరుగుతుంది.

ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగులు, నాలుగడుగులు. కోత మొదలుపెట్టక ముందే కాగితం మీద ముక్కలన్నీ పేర్చి చూసుకోవాలి, రంపం తినేసే మందం కూడా కలుపుకోవాలి. మామూలు రకానికి ఐఎస్ 303, నీళ్ళకు తట్టుకునే మెరైన్ రకానికి ఐఎస్ 710 ముద్ర ఉంటుంది. గోదావరి జిల్లాల తేమకు నేలను తాకే భాగాలకైనా రెండోది వాడటం మంచిది. సన్‌మైకా ఒక వైపే అతికిస్తే ఆ వైపుకూ రెండో వైపుకూ తేమ పీల్చడంలో తేడా వచ్చి పలక విల్లులా వంగుతుంది. తలుపు పలకలకు వెనక కూడా పలచటి షీటు వేయాల్సింది అందుకే. పశువుల చర్మం, ఎముకల నుంచి తీసిన బంకను కుండలో మరిగించి వాడిన రోజులు పోయి, 1959లో వచ్చిన ఫెవికాల్ ఇంటింటి మాట అయింది. పని సులువైంది గాని, బంక ఆరేదాకా బిగించి ఉంచే ఓపిక మాత్రం ఇప్పటికీ నేర్పాల్సిందే.

మెషీన్లతో కొత్త ప్రమాదాలు వచ్చాయి. రక్షణ తొడుగు తీసేసి కటింగ్ మెషీన్ వాడటం చాలా చోట్ల అలవాటైపోయింది. వేళ్ళు పోగొట్టుకున్న పనివాళ్ళు ప్రతి ఊళ్ళో కనిపిస్తారు. కర్ర పొట్టు క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. కుర్రాడికి మొదటి రోజే మాస్కు, కళ్ళద్దాలు ఇవ్వడం మేస్త్రి బాధ్యత.

చట్టం చూసే శిష్యరికం వేరు. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం ముప్పై మంది గాని అంతకు మించి గాని పనిచేసే సంస్థలు తప్పనిసరిగా శిక్షణార్థులను తీసుకోవాలి, నలుగురి లోపు ఉన్న చోట్లకు అది వర్తించదు. మేస్త్రి, ఇద్దరు కుర్రాళ్ళు ఉండే ఊరి దుకాణం ఆ లెక్కలోకే రాదు. ఐటీఐలో కార్పెంటర్ కోర్సు ఏడాది, ఎనిమిదో తరగతి పాసైతే చాలు, జాతీయ స్థాయి సర్టిఫికెట్ వస్తుంది. డ్రాయింగు చదవడం, మెషీన్ల వాడకం అక్కడ బాగా నేర్పుతారు. మేస్త్రి దగ్గర చేతిపని, ఐటీఐలో డ్రాయింగు, రెండూ కలిసిన కుర్రాడికి పెద్ద కొట్ల పని దొరకడం సులువు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం కుటుంబంలోనో గురువు దగ్గరో నేర్చుకున్న పద్దెనిమిదేళ్ళు నిండిన వడ్రంగులను గుర్తిస్తుంది. శిక్షణ కాలంలో రోజుకు రూ.500 చొప్పున భృతి, పనిముట్లకు రూ.15,000, అయిదు శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష రూపాయల దాకా రుణం ఇస్తుంది.

రెండు మూడేళ్ళు గడిచాక కుర్రాడికి రోజుకూలీ ఖాయమవుతుంది. సొంత ఉలులు, చిత్రిక, రంపం, మూలమట్టం ఒక్కొక్కటే కూడబెట్టుకుంటాడు. చదరపు అడుగు లెక్కన కొట్టు పనికి ధర కట్టడం, ఎన్ని షీట్లు పడతాయో తప్పు లేకుండా చెప్పడం, బయానా తీసుకుని గడువుకు అప్పగించడం వచ్చిన రోజున మేస్త్రి చిన్న కొట్టు పనొకటి అతని పేరు మీదే ఒప్పిస్తాడు. ఆ పనికి పలక రెండో చివర పట్టుకునే కుర్రాణ్ణి అతనే వెతుక్కోవాలి.