దూలాలు ఎక్కడున్నాయి?

పాంబన్ వంతెన పేరెత్తగానే ఎవరైనా చెప్పే అంకె 46. 1964 ఉప్పెనకు కొట్టుకుపోయిన వంతెనను 46 రోజుల్లో మళ్ళీ రైలు నడిచేలా చేశారని. అంకె నిజమే. కానీ అదొక్కటే చెప్పి ఊరుకుంటే ఆ పని పరుగుపందెంలా వినిపిస్తుంది. నాకు ముచ్చటేసేది పరుగు కాదు, పరుగెత్తే ముందు ఎటు వెళ్ళాలో తేల్చుకున్న తీరు.

కాశీ నుంచి గంగనీళ్ళు తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చేయించి, అక్కడి ఇసుక తీసుకెళ్ళి గంగలో కలిపితేనే యాత్ర పూర్తయినట్టని మన పెద్దల లెక్క. పాంబన్ వంతెన మీదుగా ఆ యాత్రికులకు 1914 ఫిబ్రవరి 24 నుంచి రామేశ్వరం ద్వీపం దాకా రైలు దొరికింది. రెండు కిలోమీటర్లకు పైగా పొడవు, 146 ఖానాలు. అందులో 145 ఖానాలు ఒక్కోటి 40 అడుగుల మామూలు ఇనుప దూలాలవి. మిగిలిన ఒక్కటీ ఓడల కోసం రెండు రెక్కలుగా పైకి లేచే షెర్జర్ ఖానా. దాన్ని మనుషులు చేతులతోనే తిప్పి తెరిచేవారు. పక్కన రోడ్డు వంతెన వచ్చింది 1988లో. అందుకని 1964లో రైలు వంతెన తెగిందంటే ద్వీపానికి ఇక పడవే గతి.

డిసెంబరు 22 రాత్రి తెగింది. ధనుష్కోటి వైపు వెళ్తున్న పాసింజరు రైలు జనంతో సహా సముద్రంలో కలిసిపోయింది. ఊరికి ఊరే పోయింది. మనకు దివిసీమ 1977 తెలుసు గనక ఉప్పెన అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కరలేదు. వంతెన మీద 126 దూలాలు పోయాయి. స్తంభాలు చాలావరకు నిలిచాయి, షెర్జర్ ఖానా కూడా నిలిచింది. దెబ్బ ఎక్కడ తగిలిందో దీన్నిబట్టి తెలుస్తుంది. స్తంభం మీద కూర్చోబెట్టిన దూలాన్ని కింది నుంచి నీరు ఎత్తి పక్కకు తోసేసింది. పునాది జోలికి పెద్దగా వెళ్ళలేదు.

బాగుచేయడానికి ఆరు నెలలని రైల్వే అనుకుంది. దక్షిణ రైల్వే జనరల్ మేనేజరు బి.సి. గంగూలీ దాన్ని మూడు నెలలు చేశాడు. పని 32 ఏళ్ళ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు చేతిలో పడింది. క్రిస్మస్ సెలవుకు కేరళలో ఇంటికి వెళ్ళినవాడిని వెనక్కి పిలిపించారు. ఆయన ఇ. శ్రీధరన్, మన కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్ చదివిన పాలక్కాడు మలయాళీ.

పైవాడు ఆరంటే మధ్యవాడు మూడనడం, కిందివాడి నెత్తిన అది పడడం మన ఆఫీసుల్లో రోజూ చూసేదే. చాలాచోట్ల అలా కోసిన గడువు కాగితం మీదే మిగిలిపోతుంది, లేదా పనిలో నాణ్యతను తినేస్తుంది. ఇక్కడ అలా కాలేదు. కారణం గడువు చెప్పినవాడి దగ్గర లేదు. గడువును పక్కన పెట్టి శ్రీధరన్ బృందం పట్టుకున్న చిన్న ప్రశ్నలో ఉంది: దూలాలు ఎక్కడున్నాయి?

కొత్తవి తయారు చేయిస్తే నెలలు పడతాయి. సిద్ధంగా ఉన్నవి కావాలంటే గుజరాత్‌లోనో అస్సాంలోనో. అక్కడి నుంచి 126 ఖానాలకు సరిపడా ఇనుము దేశం ఈ కొసకు తేవాలి. తెచ్చాక ఒక్కోదాన్నీ ఈ స్తంభాలకు అమరేలా సరిచూడాలి. కాగితం మీద ఈ రెండే దారులు. ఆఫీసులో కూర్చున్నవాడికి మూడోది తట్టదు. ఎందుకంటే కొట్టుకుపోయిన దూలం అతని పద్దుల్లో పోయిన సరుకు. దాని పేరు మీద గీత కొట్టేసి ఉంటుంది.

మూడో దారి చెప్పింది జాలరులు. దూలాలు సముద్రం అడుగున పడి ఉన్నాయని వాళ్ళు వచ్చి చెప్పారు. వలకు ఏది తగులుతుందో, ఎక్కడ నీరు లోతో, ఎక్కడ తక్కువో వాళ్ళకు తెలిసినంత ఏ పటానికీ తెలియదు. ఆ మాట పట్టుకుని నిర్ణయం మారింది. ఇక దూరం నుంచి మోసుకురావడం కాదు, సముద్రంలోంచి పైకి లాగడం.

ఇందులోని నేర్పు పైపైన చూస్తే కనబడదు. కొన్ని వారాలు ఉప్పునీటిలో ఉన్నంత మాత్రాన మందపాటి ఉక్కు పాడైపోదు. వంగిందా లేదా చూడాలి. వంగనిది కొత్త దూలం కంటే మేలు, ఎందుకంటే అది ఈ వంతెనదే. దాని కొలత ఈ స్తంభాలకు తీసిన కొలత, దాని బోల్టు చిల్లులు ఈ పీఠాలకు కొట్టిన చిల్లులు. రవాణా పోయింది, మార్పులు పోయాయి. అలా కలిసొచ్చినన్ని రోజులు మనుషుల్ని ఎంత తొందరపెట్టినా దొరికేవి కావు.

పాంబన్ దగ్గర సముద్రం లోతు తక్కువ. అది పనికి కలిసొచ్చింది. అయినా దూలాన్ని వెతకాలి, కట్టాలి, లేపాలి, స్తంభం దాకా తేవాలి, పైకెత్తి పీఠం మీద దింపాలి. ఇంజనీరు ఒక్కడివల్ల అయ్యే పని కాదు. నీళ్ళలో దిగేవాడు, గొలుసు కట్టేవాడు, క్రేను తిప్పేవాడు, పైన నిలబడి చెయ్యి ఊపేవాడు ఒక్క మనిషిలా కదలాలి. 126ని 46తో భాగిస్తే రోజుకు సుమారు మూడు ఖానాలు. మొదటి రోజే ఎవరూ మూడు ఎత్తలేరు. మొదటిది ఎత్తేటప్పుడు చెయ్యి తిరగదు, పదోదానికి ఎవరు ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పనక్కరలేదు. సగటు మూడు రావాలంటే చివరి రోజులు ఎలా నడిచి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఇల్లు కట్టించినవాళ్ళు స్లాబు రోజున ఇది చూసే ఉంటారు. పొద్దున తడబడిన గమేళాల వరస మధ్యాహ్నానికి తనంతట తానే నడుస్తుంది.

తర్వాత శ్రీధరన్ పేరు గడువులతో ముడిపడిపోయింది. ఢిల్లీ మెట్రో కట్టేటప్పుడు రోజులను వెనక్కి లెక్కపెట్టే గడియారాలు పెట్టించాడు. మొదటి దశ 65 కిలోమీటర్లు 2005లో అనుకున్నదానికంటే ముందే పూర్తయింది. పత్రికలకు ఆ గడియారాలంటే మహా ఇష్టం. నాకంత లేదు. గడియారం ఎంత సమయం ఉందో చెబుతుంది గానీ ఏం చేయాలో చెప్పదు. ఆయనే కట్టించిన కొంకణ్ రైలు మార్గం చూడండి. 1994కు అనుకున్నది 1998 జనవరి 26న గాని పూర్తిగా తెరుచుకోలేదు. గోవాలో పెర్నెం సొరంగం దగ్గర మెత్తటి మట్టి తవ్వినకొద్దీ కూలింది, ఆ ఒక్క సొరంగానికే ఆరేళ్ళు పట్టింది. అదే మనిషి, అదే పట్టుదల. మట్టి వేరు.

ఆయన నిర్ణయాల్లో నాకు గుర్తుండే రెండోది 2009 జులై 12. ఢిల్లీ జమ్రూద్‌పూర్‌లో కడుతున్న మెట్రో వంతెన కూలి ఆరుగురు పోయారు. విచారణ కమిటీ కూర్చోకముందే, తప్పు ఎవరిదో తేలకముందే, అదేరోజు రాజీనామా ఇచ్చాడు. దాన్ని ఒప్పుకోలేదు, ఆయన ఇంకా రెండేళ్ళకు పైగా పనిచేశాడు. పాంబన్‌లో మాట చెప్పిన జాలరిని నమ్మడమూ, ఇక్కడ కిందివాడిని వేలెత్తి చూపకపోవడమూ ఒకే స్వభావం అనిపిస్తుంది నాకు.

పాత వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్ళు ఆపేశారు. పక్కనే కట్టిన కొత్తది 2025 ఏప్రిల్ 6న తెరిచారు. దాని మధ్య ఖానా రెక్కలు విప్పదు, మొత్తంగా నిలువునా పైకి లేస్తుంది.

పాంబన్‌ను అంత పట్టుగా నిలబెట్టిన రైల్వే, ద్వీపం ఆ కొసన ధనుష్కోటికి మాత్రం పట్టాలు మళ్ళీ వేయలేదు. ఆ ఊరు ఇక నివాసానికి పనికిరాదన్నారు. ఒకప్పుడు సింహళం వెళ్ళేవాళ్ళు రైలు దిగి స్టీమరెక్కిన చోటు అది. ఇప్పుడు రామేశ్వరంలో రైలు దిగినవాళ్ళు అక్కడికి రోడ్డు మీద వెళ్తారు. దారి పక్కన ఇసుకలో పాత స్టేషను గోడలు కనిపిస్తాయి.