మిస్సమ్మ: అబద్ధం చూపిన తెగువ

మోసగాళ్ళంటే మనకు కోపం రావాలి. కాని కొన్ని చిత్రాలు చూస్తున్నప్పుడు వాళ్ళు పట్టుబడకూడదని మనమే కోరుకుంటాం. విజయా సంస్థ 1955లో నిర్మించిన ‘మిస్సమ్మ’ అటువంటి చిత్రం. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. రవీంద్రనాథ్ మైత్ర బెంగాలీ నాటకం ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ దీనికి ఆధారం. కథను తెలుగు నేలకు తగినట్టు మలిచినవారు చక్రపాణి.

తప్పిపోయిన పెద్దకూతురు మహాలక్ష్మి పేరిట బడి నడుపుతున్న అప్పాపురం జమీందారు, ఉపాధ్యాయులుగా పట్టభద్రులైన దంపతులు కావాలని ప్రకటిస్తాడు. నిరుద్యోగి అయిన ఎం.టి. రావు (ఎన్.టి. రామారావు), అప్పిచ్చిన డేవిడ్ బాధ పడలేకపోతున్న మేరీ (సావిత్రి) భార్యాభర్తలమని చెప్పి ఆ ఉద్యోగాల్లో చేరతారు. వీరి మోసంలో ఒక విశేషముంది. అబద్ధం ఉద్యోగం సంపాదించుకోవడం వరకే. ఆ తరువాత పాఠాలు నిజంగానే చెబుతారు. చదువు ఉండి కూడా పని దొరకని కాలానిదే అసలు తప్పని చిత్రం నవ్వుతూనే చెబుతుంది. అందుకే మన సానుభూతి వాళ్ళ వైపు మొగ్గుతుంది.

హాస్యమంతా ఒక చిక్కులోంచి పుడుతుంది. నలుగురిలో దంపతులు, నలుగురూ లేనప్పుడు పరాయివాళ్ళు. రావు జమీందారు రెండో కూతురు సీతతో (జమున) చనువుగా ఉంటే మేరీకి కోపం వస్తుంది. భార్య కానప్పుడు కోపమెందుకు? ఈ ప్రశ్నకు మేరీ జవాబు చెప్పదు. సావిత్రి ముఖం చెబుతుంది. నటిస్తున్న బంధం నిజమవుతున్న సంగతి మాటల్లో కాక చిరాకులో తెలియడమే ఈ చిత్రంలోని ప్రణయానికి అందం.

అయితే ముగింపు దగ్గర మాకు పేచీ ఉంది. క్రైస్తవ యువతి, హిందూ యువకుడు ఒకే కప్పు కింద సంసారం నటించే ధైర్యం అబద్ధానికి ఉంది. నిజానికి ఆ ధైర్యం చాలలేదు. మేరీయే తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలుతుంది. డిటెక్టివు వేషాలు వేసే రాజు (అక్కినేని నాగేశ్వరరావు) పరిశోధన ఫలిస్తుంది. మతాంతర వివాహమనే ప్రశ్న మాత్రం జవాబు లేకుండానే మాయమవుతుంది. పుట్టుక తెలియకపోయి ఉంటే జమీందారు దంపతులు ఈ జంటను దీవించేవారా? చిత్రం ఆ మాట ఎత్తదు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. రావు మనసు పడింది మేరీ మీద. మహాలక్ష్మి సంగతి అప్పటికి అతనికి తెలియదు. ఆ ప్రేమను ముగింపు కూడా చెరపలేకపోయింది.

ఈ చిత్రం మద్రాసులో ‘మిస్సియమ్మ’గా తమిళంలోనూ ఏకకాలంలో తయారైంది. సావిత్రి, జమున, రంగారావు రెండింటా ఉన్నారు. రామారావు పాత్రను జెమినీ గణేశన్, నాగేశ్వరరావు పాత్రను తంగవేలు ధరించారు. తమిళనాట చదువుకుంటున్న మన విద్యార్థులకు ఇది మంచి అవకాశం. రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే సావిత్రి ఒకే కోపాన్ని రెండు భాషల్లో ఎలా పలికించిందో గమనిస్తే, నటనలో భాష పాలెంతో, ముఖం పాలెంతో మీకే తెలుస్తుంది.