అరవై దగ్గరపడ్డాక మళ్ళీ నేర్చుకున్నవాళ్ళు

వెస్ట్ వర్జీనియా బొగ్గుగనుల ప్రాంతంలో ఒక పెట్రోల్ బంకు. అక్కడ కార్లు కడిగే కుర్రాడికి నల్ల కారో, ముదురు నీలం కారో వచ్చిందంటే గుండెల్లో రాయి పడేది. ఆ రంగుల మీద గుడ్డ చారలు ఇట్టే కనబడతాయి. బంకు నడిపేది తండ్రే. చార కనబడితే ఆ ఒక్కచోట తుడిచేసి పొమ్మనే మనిషి కాదాయన. కారంతా మొదట్నుంచీ మళ్ళీ కడగాల్సిందే. ఆ కుర్రాడు నిక్ సేబన్. పెద్దయ్యాక అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్లో కోచ్‌గా ఏడు జాతీయ టైటిళ్ళు గెలిపించాడు. ఒకటి 2003లో లూసియానా స్టేట్‌కి, మిగతా ఆరూ అలబామా యూనివర్సిటీకి.

అదే అలబామాకి అంతకుముందే ఆరు టైటిళ్ళు తెచ్చిపెట్టినవాడు పాల్ బ్రయంట్. అర్కాన్సాస్ పల్లెలో పుట్టినవాడు. కుర్రతనంలో ఊరికొచ్చిన ప్రదర్శనలో ఎలుగుబంటితో కుస్తీకి దిగాడని ‘బేర్’ అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ యూనివర్సిటీ ఉన్న టస్కలూసాలో లక్షమంది పట్టే స్టేడియానికి ఆయన పేరుంది. లోపలి మైదానానికి 2024లో సేబన్ పేరు పెట్టారు.

ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న వాదన అలబామాలో ఎప్పటికీ తెగదు. టైటిళ్ళు లెక్కపెట్టి తేల్చేస్తే పనితనం కనబడదని నా నమ్మకం. ఆ ఏడాదుల్ని మాత్రం ఒకసారి వరసగా చూడండి. బ్రయంట్‌వి 1961, 1964, 1965, 1973, 1978, 1979. అలబామాలో సేబన్‌వి 2009, 2011, 2012, 2015, 2017, 2020. రెండు వరసల్లోనూ సరిగ్గా సగంలో ఒక మడత ఉంది. బ్రయంట్‌కి అది 1971, సేబన్‌కి 2014. తమకు పేరు తెచ్చిన ఆటని తామే పక్కనపెట్టి, ఇద్దరూ కొత్త ఆట నేర్చుకున్న సంవత్సరాలవి. మడతకి ఇటు మూడు టైటిళ్ళు, అటు మూడు.

బ్రయంట్ సంగతి ముందు. 1958లో అలబామాకి వచ్చేనాటికే ఆయన కఠినత్వం గురించి కథలు చెప్పుకునేవారు. 1954లో టెక్సస్ ఎ అండ్ ఎమ్ కుర్రాళ్ళని జంక్షన్ అనే ఊరికి తీసుకెళ్ళి, కరువు ఎండలో, మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పదిరోజులు సాధన చేయించాడు. సగానికిపైగా పారిపోయారు. ఆ ఏడు ఆడిన పది మ్యాచుల్లో ఒక్కటే గెలిచారు. దాన్ని వీరగాథగా చెప్పుకునేవాళ్ళున్నారు. నేను చెప్పలేను. దాహంతో ఉన్న పిల్లలకి నీళ్ళు ఆపడం పనితనం కాదు. రెండేళ్ళకి అదే జట్టు ఒక్క ఓటమీ లేకుండా సీజన్ ముగించింది, నిజమే. అయినా నీళ్ళివ్వకపోవడం వల్లే గెలిచారని ఎవరూ రుజువు చేయలేరు.

ఆయన అసలు పనితనం 1971లో చూడాలి. అంతకుముందు రెండేళ్ళూ ఆరేసి గెలుపులతో సరిపెట్టుకున్నారు. పెద్దాయన పనైపోయిందనుకున్నారు జనం. 1970 సెప్టెంబరులో సదరన్ కాలిఫోర్నియా జట్టు బర్మింగ్‌హామ్‌కే వచ్చి 42-21తో ఓడించింది. సామ్ కన్నింగ్‌హామ్ అనే నల్లజాతి ఆటగాణ్ణి ఆపే దిక్కు లేకపోయింది. అప్పటికి అలబామా జట్టులో ఆడుతున్నవాళ్ళందరూ తెల్లవాళ్ళే. తొలి నల్లజాతి స్కాలర్‌షిప్ ఆటగాడు విల్బర్ జాక్సన్ అప్పటికే చేరినా, మొదటి ఏడాది విద్యార్థి కాబట్టి ఆ మ్యాచ్‌లో దిగలేదు. బ్రయంట్‌కి ఆ రాష్ట్రంలో ఉన్న పలుకుబడికి, నల్లజాతి ఆటగాళ్ళని చేర్చుకునే పని చాలా ముందే చేసి ఉండాల్సింది. ఆ లోటు ఆయన ఖాతాలో ఉంటుంది.

మరుసటి వేసవిలో ఆయన టెక్సస్ కోచ్ డారెల్ రాయల్ దగ్గర శిష్యుడిలా కూర్చున్నాడు. విష్‌బోన్ అనే వ్యూహాన్ని నేర్చుకున్నాడు. బంతి అందుకునే క్వార్టర్‌బ్యాక్ ముందు, వెనక ఫుల్‌బ్యాక్, ఇంకాస్త వెనక చెరోపక్క ఇద్దరు హాఫ్‌బ్యాక్‌లు. పైనుంచి చూస్తే అచ్చం పంగలకర్ర. దాని అందం ఎక్కడుందంటే, ఎదుటి జట్టులో ఇద్దరిని కావాలనే అడ్డుకోకుండా వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని ఫుల్‌బ్యాక్ పొట్టకి ఆనించి, చేయి తీయకుండానే మొదటివాణ్ణి చూస్తాడు. వాడు ఫుల్‌బ్యాక్ మీదకి వస్తే బంతి వెనక్కి లాక్కుంటాడు, రాకపోతే వదిలేస్తాడు. లాక్కున్నాక పక్కకి పరుగెడుతూ రెండోవాణ్ణి చూస్తాడు. వాడు తన మీదకి వస్తే హాఫ్‌బ్యాక్‌కి విసురుతాడు, రాకపోతే తనే దూసుకుపోతాడు. అంటే వదిలేసిన ఆ ఇద్దరూ ఏం చేసినా అదే తప్పవుతుంది. వాళ్ళని అడ్డుకోవాల్సిన బలం మరోచోట పనికొస్తుంది. ఇదంతా రెండు మూడు సెకన్లలో ఇరవయ్యేళ్ళ కుర్రాడు తేల్చుకోవాలి. ఆలోచిస్తే కుదరదు, చేతికి అలవాటైపోవాలి.

ఆ అలవాటుని బ్రయంట్ రహస్యంగా చేయించాడు. విలేకరులు వచ్చినప్పుడు పాత ఆటే ఆడించి పంపేశాడు. 1971 సెప్టెంబరు 10న లాస్ ఏంజెలెస్‌లో, తమని చిత్తుచేసిన ఆ సదరన్ కాలిఫోర్నియా మీదే పంగలకర్ర బయటికి తీశాడు. 17-10. కోచ్‌గా ఆయనకది 200వ గెలుపు. జట్టులో జాన్ మిచెల్ అనే నల్లజాతి ఆటగాడు మొదటిసారి అలబామా తరఫున ఆడాడు. మర్నాడు బ్రయంట్‌కి 58 నిండాయి.

సేబన్ మడత ఇంత నాటకీయంగా ఉండదు. నాకు మాత్రం అందులో కష్టం ఇంకా ఎక్కువనిపిస్తుంది. ఎందుకంటే బ్రయంట్ ఓడుతూ మారాడు, సేబన్ గెలుస్తూనే మారాడు. డిఫెన్స్ ఆయన సొంత విద్య. 2011లో ఆయన జట్టు మీద ప్రత్యర్థులు మ్యాచ్‌కి సగటున ఎనిమిది పాయింట్లు చేయడమే గగనమైంది. టైటిల్ మ్యాచ్ 21-0. అయితే ఆట వేగం మారిపోతోంది. ఎదుటివాళ్ళు ఊపిరి తీసుకునేలోపే తరవాతి ఎత్తు మొదలుపెట్టే జట్లు వచ్చాయి. అది ఆటగాళ్ళకి ప్రమాదమని సేబన్ బహిరంగంగా వాదించాడు. 2014లో వేగానికి కళ్ళెం వేసే నిబంధన ఒకటి ప్రతిపాదనకి వచ్చి వీగిపోయింది. కానీ ఆ జనవరిలోనే లేన్ కిఫిన్‌కి దాడి బాధ్యత అప్పగించి, తన జట్టునీ వేగమైన ఆట వైపు తిప్పేశాడు. వాదన వాదనే, తయారీ తయారీయే. 2020లో అలబామా సగటున 48.5 పాయింట్లు చేసింది. టైటిల్ మ్యాచ్ స్కోరు 52-24. తొమ్మిదేళ్ళ కిందటి ఆ 21-0 పక్కన దీన్ని పెట్టి చూస్తే, రెండూ ఒక్క చేతి పనే అంటే నమ్మబుద్ధి కాదు.

మారనిది ఒకటుంది. 1998లో మిషిగన్ స్టేట్‌లో ఉన్నప్పుడు, అగ్రస్థానంలో ఉన్న ఒహాయో స్టేట్‌తో మ్యాచ్‌కి ముందు, అక్కడి మనోవైద్య ఆచార్యుడు లయనల్ రోసెన్ ఆలోచనల్ని సేబన్ ఆసరా చేసుకున్నాడు. ఒక ఎత్తు ఏడు సెకన్లు ఉంటుంది, ఆ ఏడు సెకన్లే ఆడండి, స్కోరు బోర్డు చూడకండి అన్నది దాని సారం. 28-24తో గెలిచారు. ఆయన ‘ప్రాసెస్’ అని పిలుచుకున్నది అక్కడ మొదలైంది.

ఆ ‘ప్రాసెస్’ ఎలా పనిచేస్తుందో 2018 జనవరి 8న అట్లాంటాలో జరిగిన టైటిల్ మ్యాచ్‌లో కనబడింది. సగం ఆటకి జార్జియా 13-0 ఆధిక్యంలో ఉంది. అప్పటికి 25 గెలుపులిచ్చిన క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌ని కూర్చోబెట్టి, మొదటి ఏడాది విద్యార్థి టువా టాగోవైలోవాని సేబన్ దింపాడు. ఆట అదనపు సమయానికి వెళ్ళింది. అక్కడ టువా పొరపాటున బంతి పట్టుకుని ఉండిపోయి 16 గజాలు వెనక్కి పోగొట్టాడు. మరొకరైతే కుంగిపోయేవారు. ఆ వెంటనే 41 గజాల పాస్ విసిరి మ్యాచ్ ముగించేశాడు.

ఆ రాత్రి అందరూ టువా గురించే మాట్లాడారు. నా మనసు మాత్రం హర్ట్స్ దగ్గర ఆగింది. అతను అలిగి వెళ్ళిపోలేదు. మరుసటి సీజనంతా రెండో స్థానంలో సాధన చేస్తూనే ఉన్నాడు. డిసెంబరులో అదే స్టేడియం, అదే జార్జియా. అలబామా వెనకబడి ఉండగా చివరి పావుగంట ఆటలో టువా గాయపడ్డాడు. హర్ట్స్ దిగాడు, రెండు టచ్‌డౌన్లతో 35-28గా గెలిపించాడు. అతని గురించి మాట్లాడబోయి, చారలు కనబడితే కారంతా మళ్ళీ కడిగిన ఆ మనిషికి గొంతు పట్టేసింది.